ఒకరి ఋణం, పదిమంది చేతులు

తల్లిదండ్రుల ఋణం ఎట్లా తీరుతుందన్న ప్రశ్నకు మన పెద్దలు ఎప్పుడో సమాధానం చెప్పి ఉంచినారు. సంతానాన్ని కని వంశాన్ని నిలుపవలెను. తిథినాడు తిలోదకాలు విడువవలెను. శక్తి గలవాడు గయకు పోయి పిండప్రదానం చేయవలెను. ఈ విధులలో చివరి రెంటికి ఒక సమానలక్షణం ఉన్నది. కొడుకు ఉన్నంతవరకు వాటిని కొడుకే చేయవలెను. స్నేహితుడు ఎంత ఆప్తుడైనా పక్కన నిలబడి దర్భలు అందించగలడే గాని, నువ్వులూ నీళ్ళూ విడిచే చేయి కర్తదే.

అయితే ఋణమన్న మాటకు పూర్తిగా అందని గౌరవం మరొకటి ఉన్నది. లోకం హర్షించని తన మార్గానికి అడ్డుచెప్పక వెన్ను కాచిన తండ్రిని గాని తల్లిని గాని తలచుకొని, నలుగురు మిత్రులను కూడగట్టి, ఒక గ్రంథమో నాటకమో చిత్రాల వరుసో సిద్ధం చేయవలెనని కొందరికి తోస్తుంది. సందేహం పుట్టేది ఇక్కడనే. ఉపకారం పొందినవాడు ఒక్కడు, పాటుపడేవారు పలువురు. ఆ మిత్రులు ఆ తండ్రికి చిల్లిగవ్వ బాకీ లేరు. బాకీ లేనివారి శ్రమతో తీర్చిన బాకీ తీరినట్టేనా? పదిమంది పంచుకొన్న కృతజ్ఞత పలుచబడిపోదా?

ఈ ప్రశ్నను గాలిలో చర్చించడం కంటె ఒక కుటుంబకథను ఎదుట పెట్టుకొని చర్చించడం మేలు. ఆ కథ సూరత్ ప్రాంతానిది.

సూరత్ జిల్లాలోని సరస్ అన్న పల్లెలో 1892 జనవరి 1వ తేదీన మహాదేవ్ దేసాయి జన్మించినారు. తండ్రి హరిభాయి బడిపంతులు. కుమారుడు సూరత్ హైస్కూలులో చదివి, బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో పట్టభద్రుడై, న్యాయశాస్త్రం కూడ పూర్తిచేసి, అహమ్మదాబాదులో వకీలుగా కాలు మోపినాడు. బడిపంతులు ఇంట ఇంతకంటె కోరదగినది ఏమున్నది? కాని మహాదేవ్‌కు అక్కడ నరహరి పరీఖ్ అన్న సహచరుడు ఉన్నాడు. ఇద్దరికీ న్యాయస్థానం కంటె సాహిత్యం మీద మక్కువ హెచ్చు. ఇద్దరూ కలసి రవీంద్రుని రచనలను గుజరాతీలోకి అనువదించినారు. ‘చిత్రాంగద’, కచదేవయానుల కథ గల ‘విదాయ్ అభిశాప్’, ‘ప్రాచీన సాహిత్యం’ అన్న వ్యాససంపుటి ఆ జంట చేతిమీదుగా వెలువడినవే. జంటకవులను ఎరిగిన తెలుగు పాఠకునికి ఇది వింతగా తోచదు. ఏ వాక్యం ఎవరిదని అడగడం అసందర్భమని మనకు తిరుపతి వేంకటకవులు నేర్పినారు.

1915లో గాంధీ తన ఆశ్రమ నియమావళి చిత్తుప్రతిని అభిప్రాయం కోరి పంపినప్పుడు, దానిని విమర్శిస్తూ ఈ మిత్రులిద్దరూ ఒకే ఉత్తరం వ్రాసి ఇద్దరూ సంతకం చేసినారు. గాంధీ వారిని పిలిపించి చాలసేపు మాట్లాడినారు. తిరిగివస్తూ ఎల్లిస్ వంతెన మీద, ఈయన పాదాలచెంత కూర్చుండిపోవలెనని ఉన్నదని మహాదేవ్ స్నేహితునితో అన్నారట. విమర్శించడానికి పోయినవాడు శిష్యుడై తిరిగివచ్చినాడు. 1917లో ఆయన గాంధీ వద్ద చేరినారు. ఆ ఏడాది నవంబరు 13న మొదలుపెట్టిన దినచర్యను 1942 ఆగస్టు 14 వరకు వ్రాస్తూనే వచ్చినారు. మరునాడు, ఆగాఖాన్ భవనంలో, బందీగా ఉండగానే ఆయన గుండె ఆగిపోయింది. వయస్సు యాభై సంవత్సరాలు. గాంధీ స్వహస్తాలతో ఆ దేహానికి స్నానం చేయించినారు. దహనం ఆ భవనపు ఆవరణలోనే జరిగింది. పదునేడేళ్ళ కొడుకు నారాయణ్ దగ్గర లేడు.

ఇక్కడ కాస్త ఆగవలెను. కొడుకు చేతిమీదుగా జరగవలసిన కర్మ వేరొకరి చేతిమీదుగా జరిగిపోయిన సందర్భమిది. శాస్త్రం ఒప్పుకొంటుందా లేదా అన్నది పురోహితులు తేల్చవలసిన విషయం. కాని ఆ కొడుకు తండ్రిని గౌరవించే పని అప్పటికింకా మొదలుకూడ కాలేదు. మొదలైనప్పుడు దానిని ముందుగా చేపట్టినవాడు కొడుకు కాడు, మిత్రుడు.

మహాదేవ్ వదలిపోయినవి కట్టలకొద్దీ దినచర్య పుస్తకాలు. వాటిని పరిష్కరించి అచ్చువేయించే భారం నరహరి పరీఖ్ తలకెత్తుకొన్నారు. మొదటి సంపుటం 1948లో వచ్చింది. 1957లో నరహరి మరణించిన తరువాత చందులాల్ దలాల్ ఆ పని కొనసాగించినారు. ఇంతలో, 1955లో, గుజరాతీ భాషకు సాహిత్య అకాదెమీ పురస్కారం ‘మహాదేవభాయి డైరీ’కి లభించింది. రచయిత మరణించి అప్పటికి పదమూడేళ్ళు. అచ్చులో చూచుకోని పుస్తకానికి, చూచుకొంటానని అనుకొన్నాడో లేదో తెలియని పుస్తకానికి, పురస్కారం వచ్చింది. ఆ పుస్తకంలో ఒక్కొక్క వాక్యం మహాదేవ్‌దే. అది పుస్తకం కావడం మాత్రం స్నేహితుని కష్టం. నరహరికి మహాదేవ్ ఏమి బాకీ, మహాదేవ్‌కు నరహరి ఏమి బాకీ అని లెక్కవేయడానికి ఎవరైనా కూర్చుంటే, ఆ లెక్క రవీంద్రుని అనువాదంలో ఏ వాక్యం ఎవరిదన్న ప్రశ్న దగ్గరకే వచ్చి నిలుస్తుంది.

ఒక ఆక్షేపణ ఉన్నది, దానిని తోసివేయరాదు. దినచర్య అన్నది ఆంతరంగికమైనది. చనిపోయినవాని పెట్టె తెరచి అందులోని కాగితాలు లోకానికి చూపడం గౌరవమా, అతిక్రమణమా? స్నేహితులు కలసి చేసే స్మారక కార్యాలన్నిటిలోను ఈ ప్రమాదం పొంచి ఉంటుంది. తండ్రి అనుమతి అడగడానికి ఆయన ఉండడు. ఉన్నా, ఆశ్చర్యపరచవలెనన్న ఉబలాటంలో అడగరు. ఎవని గౌరవార్థం ఈ పని జరుగుతున్నదో వాడు సిగ్గరి అయినప్పుడు, వాని సిగ్గును మన్నించడమే గౌరవమేమో! మహాదేవ్ విషయంలో చిక్కు కొంత సులభంగా విడిపోయింది. దానికి కారణం ఆయన స్వభావమే. పాతికేళ్ళు వ్రాసిన ఆ దినచర్యలో ఆయన తనకోసం ఉంచుకొన్న చోటు బహుకొంచెం. గాంధీ ఏమన్నారు, ఎవరికి ఏమి జవాబు వ్రాయించినారు, ఎవరితో ఎట్లా వాదించినారు, ఇదే అందులోని సామగ్రి. దానిని ప్రకటించినప్పుడు లోకానికి కనబడినది ఆయన ముఖం కాదు, ఆయన చేతిపని. తెరవెనుక నిలవదలచిన మనిషిని బలవంతాన వేదికపైకి లాగి పూలదండ వేయడం కంటె, ఆయన నేసిన వస్త్రాన్ని మడత విప్పి చూపడం మర్యాద. నరహరి చేసినది ఈ రెండవ పని. అందరు మిత్రులకు ఈ వివేకం ఉండదు. సన్మానసంచికలను తిరగవేసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఇక కొడుకు సంగతి. నారాయణ్ దేసాయి 1924లో జన్మించి సబర్మతిలోను సేవాగ్రామంలోను పెరిగినాడు. చిన్నవయస్సులోనే బడి మానుకొన్నాడు. ఆ తరువాత చదువు చెప్పినవారు తండ్రి, ఇతర ఆశ్రమవాసులు. దీనిని మామూలు విషయంగా చదివి దాటిపోరాదు. హరిభాయి బడిపంతులు, బడి మీదనే ఆ ఇల్లు నిలబడింది. మహాదేవ్ ఆ బడుల మెట్లెక్కి న్యాయశాస్త్ర పట్టం వరకు పోయినవాడు. అట్టి మనిషి తన ఒక్కగానొక్క కొడుకు బడి వద్దన్నప్పుడు బెత్తం తీయలేదు. గాంధీకి వచ్చే ఉత్తరాలు, పత్రికలకు వ్రాయవలసిన వ్యాసాలు, నడుమ నడుమ కారాగారవాసాలు, వీటన్నిటి మధ్య కొడుకుకు పాఠం చెప్పే భారం తానే వహించినాడు. వెన్ను కాచిన తండ్రి అన్న మాటకు ఇంతకంటె స్పష్టమైన అర్థం వెదకనక్కరలేదు. సరేనని ఊరకుండడం సులభం. సరేనన్న తరువాత దాని బరువు తానే మోయడం కష్టం.

ఆ కొడుకు తండ్రి శతజయంతి సంవత్సరమైన 1992లో ఆయన జీవితచరిత్రను ప్రకటించినాడు. దాని పేరు ‘అగ్నికుండమాం ఊగేలుం గులాబ్’, అనగా అగ్నికుండంలో పూచిన గులాబీ. 1993లో దానికి కూడ సాహిత్య అకాదెమీ పురస్కారం వచ్చింది. తండ్రి దినచర్యకు 1955లో, తండ్రి చరిత్రకు 1993లో. మొదటిది మిత్రుడు సంస్కరించినది, రెండవది పుత్రుడు రచించినది.

ఈ రెండు గ్రంథాలను పక్కపక్కన పెట్టి చూస్తే మొదటి ప్రశ్నకు కొంత వెలుగు దొరుకుతుంది. కొడుకు తండ్రిని ఎప్పుడూ కిందనుండి చూస్తాడు. వానికి బుద్ధి తెలిసేనాటికే తండ్రి తండ్రియై ఉన్నాడు. ఆయన కూడ ఒకప్పుడు ఇరువదియేళ్ళవాడని, ఏ దారి పట్టవలెనో తెలియక వంతెన మీద నిలబడి స్నేహితునితో మనస్సు విప్పుకొన్నాడని కొడుకు వినవలసిందే గాని చూడజాలడు. ఆ వంతెన మీద పక్కన ఉన్నవాడు నరహరి. ఆయన ‘మహాదేవభాయినుం పూర్వచరిత్’ అని మిత్రుని తొలినాళ్ళ కథ వేరుగా వ్రాసిపెట్టినారు. అది లేకపోతే కొడుకు వ్రాసే చరిత్ర సగం నుండి మొదలు కావలసివచ్చేది. కనుక మిత్రుల సహాయం అలంకారం కాదు. తండ్రి పూర్తిగా కనబడవలెనంటే తప్పనిసరి. కొడుకుకు ప్రేమ ఎక్కువ, జ్ఞానం తక్కువ. ఆ లోటు పూడ్చేవాడు స్నేహితుడు.

కొడుకుకు మాత్రమే తెలిసినవి కొన్ని లేకపోలేదు. 1938లో గాంధీ పరివారం ఒరిస్సాలో ఉన్నప్పుడు కస్తూర్బా, మహాదేవ్ భార్య దుర్గాబెహన్, మరికొందరు పూరీ జగన్నాథాలయానికి పోయి లోపల దర్శనం చేసుకొన్నారు. హరిజనులకు ప్రవేశం లేని గుడి అది. వారితో పోయిన నారాయణ్ వయస్సు అప్పటికి పదమూడు. వాడు గుడిలోకి అడుగుపెట్టక బయటనే ఉండిపోయినాడు. ఈ వార్త విని గాంధీ తల్లడిల్లినారు. ఆడవారికి విషయం వివరించి చెప్పవలసిన బాధ్యత నెరవేర్చలేదని మహాదేవ్‌ను తప్పుపట్టినారు. మహాదేవ్ మనస్సు ఎంతగా విరిగిందంటే, గాంధీని విడిచి పోతానన్నంత వరకు వచ్చింది; గాంధీ పోనీయలేదు. ఆ బాధనంతా మహాదేవ్ తానే ‘హరిజన్’ పత్రికలో వ్రాసుకొన్నారు.

తల్లి లోపలికి పోయింది, తాను బయట నిలబడినాడు, తండ్రి తలవంచుకొన్నాడు. ఇట్టి దినాన్ని మరచిపోవడమే పితృభక్తి అని వాదించేవారు ఉంటారు. ఆ వాదం చెల్లదు. తన తప్పును తానే పత్రికకెక్కించిన తండ్రిని గౌరవించదలచిన కొడుకు దానిని దాచిపెడితే, తండ్రిని గౌరవించినట్టు కాదు, సరిదిద్దినట్టు. మిత్రబృందం కలసి పనిచేయడంలో ఒక మేలు ఇక్కడ కనబడుతుంది. కొడుకు మెత్తబడి ఒక పుట తీసివేయబోతే, అది ఉండవలసిందేనని చెప్పగలవాడు పక్కన ఉంటాడు. అది తిరగబడే అవకాశమూ ఉన్నది. కొడుకు నిజం చెప్పబోతే, ఎందుకులే అని చేయి పట్టుకొనే మిత్రులు ఎక్కడైనా ఎక్కువే.

తెలుగు సంప్రదాయంలో ఈ ప్రశ్నకు మరొక ముఖం ఉన్నది. మన కవులు కావ్యాన్ని కన్యకగా భావించినారు. కృతి కన్యక, కృతి పుచ్చుకొన్నవాడు కృతిభర్త. మనుమసిద్ధి తిక్కనను మామా అని పిలిచేవాడట. ఆ పిలుపు సార్థకం కావలెనంటే కృతికన్యను తనకు ఇవ్వవలెనని కోరినాడని ‘నిర్వచనోత్తర రామాయణం’ అవతారికలో ఉన్నది. ఈ భావన ప్రకారం అంకితం పుచ్చుకొనేవాడు అల్లుడు. మరి తండ్రికి కృతి ఇవ్వడమెట్లా? మనుమరాలిని తాతకు కట్టబెట్టినట్టు కాదా? నవ్వువచ్చే ప్రశ్నే గాని, ఇందులో ఆలోచించవలసినది ఉన్నది. ప్రాచీన కవి తండ్రిని పుచ్చుకొనేవాని స్థానంలో కూర్చుండబెట్టడు, ఇచ్చేవాని పక్కన కూర్చుండబెడతాడు. భారతం చేపట్టినప్పుడు తిక్కనకు స్వప్నంలో కనబడి హరిహరనాథుని కోరిక తెలిపినవాడు ఆయన తండ్రి కొమ్మన. కృతి హరిహరనాథునికి, తండ్రి పెండ్లిపెద్ద.

పెండ్లి అన్నప్పుడు మిత్రుల చేతుల సమస్య తనంత తానే సర్దుకొంటుంది. పందిరి వేసేవాడొకడు, తోరణం కట్టేవాడొకడు, వంటశాల చూచేవాడొకడు. ఇంతమంది పాటుపడినందువల్ల కన్యాదానం చేసినవాని పుణ్యం తగ్గిందని ఏ పెండ్లిలోనూ ఎవరూ అనలేదు. ఆధునికులలో పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు ‘సౌందరనందం’ కలసి రచించి తమ గురువు చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రికి అంకితమిచ్చినారు. ఇద్దరి గురుభక్తి ఒక కావ్యంలో చెరిసగమై పలుచబడిందా, ఇనుమడించిందా అన్నది చదివినవారికి తెలుసు. అక్కడ ఇద్దరికీ గురువు ఒక్కడే, నిజమే. తండ్రి విషయంలో ఆ సౌలభ్యం లేదు. మిత్రునికి నా తండ్రి తండ్రి కాడు. అందువల్లనే మిత్రుని శ్రమ మరింత విలువైనది. కొడుకు చేయకపోతే లోకం నిందిస్తుంది. మిత్రుడు చేయకపోతే ఎవరూ ఏమీ అనరు.

ఇంతవరకు చెప్పినది గ్రంథాలు వదలిపోయిన తండ్రుల కథ. సూరత్‌లోనే మరొక రకం తండ్రులు ఉన్నారు. తెలంగాణా నుండి వలసపోయి అక్కడి మరమగ్గాల మీద బ్రతుకుతున్న పద్మశాలి కుటుంబాలు లింబాయత్ మొదలైన పేటలలో పెద్ద సంఖ్యలో ఉన్నవి. వారి పిల్లలకోసం ఆ నగరపు పురపాలక విద్యాసమితి తెలుగు మాధ్యమంలో కూడ బడులు నడిపింది. అట్టి ఇంట పుట్టి, చదువుకొని, ఒక నాటకమో పాటల సంపుటమో వెలువరించి తండ్రిని తలచుకోదలచిన యువకుని ఊహించుకొనవచ్చును. తండ్రి దినచర్య వ్రాయలేదు. ఆయన దస్తూరి ఏ కాగితం మీదా లేదు. కొడుకు ఎరిగిన తండ్రి ఎవరు? పన్నెండు గంటల పాళీ దిగివచ్చి, పగటివేళ గుడ్డ కప్పుకొని నిద్రించేవాడు. చప్పుడు చేయకండని తల్లి పిల్లలను కసరడం వానికి జ్ఞాపకం. తండ్రి మెలకువగా ఉన్న గంటలన్నీ మగ్గాల హోరులో గడచిపోయినవి. ఆ గంటలను ఎరిగినవాడు పక్కమగ్గం మనిషి. పోగు తెగినప్పుడు ఆయన ఎట్లా ముడివేసేవాడో, కొడుకు పరీక్ష గట్టెక్కిననాడు ఎవరెవరికి చాయ పోయించినాడో వానికి తెలుసు. ఆ పక్కమగ్గం మనిషి కొడుకు ఈ యువకునికి మిత్రుడైతే, వాని ఇంటి మాటలు వీని పుస్తకానికి కావలసినవే. మహాదేవ్ కథలో నరహరి కూర్చున్న పీట మీద ఇక్కడ ఒక నేతపనివాడు కూర్చుంటాడు. పెద్దవారి చరిత్రలకు వర్తించిన న్యాయం చిన్నవారి చరిత్రలకు మరింతగా వర్తిస్తుంది. కాగితం లేనిచోట మనిషి మాటే దిక్కు.

తల్లుల విషయంలో ఈ లోటు మరింత పెద్దది. దుర్గాబెహన్ భర్తతో ఆశ్రమాలు తిరిగింది; ఆయన కారాగారాలలో ఉన్నప్పుడు కొడుకును పెంచింది. పూరీ గుడి ఘటన తప్ప ఆమె పేరు చరిత్రలో ఎన్నిచోట్ల వినబడుతుంది? ఆమెకు నరహరి వంటి మిత్రుడు లేడు. ఉన్నవారు వంటశాలలోను రాట్నం పక్కనను కూర్చున్న స్త్రీలు. వారు వ్రాయలేదు. వ్రాయమని వారిని ఎవరూ అడిగినట్టు కూడ కనబడదు. తండ్రికి రెండు పురస్కారగ్రంథాలు ఉన్న ఇంట తల్లి ఒక అధ్యాయమై మిగిలింది. ఇది ఒక్క దేసాయిల ఇంటి తప్పు కాదు.

ఒక చివరి విషయం. గాంధీ సమగ్ర జీవితచరిత్ర వ్రాయదగినవాడు మహాదేవ్ అని ఆ తరంవారందరూ భావించినారు. ఆ పాతికేళ్ళ దినచర్య ఒకవిధంగా ఆ గ్రంథానికి సామగ్రియే. గ్రంథం వ్రాయకుండానే ఆయన పోయినారు. నారాయణ్ యౌవనంలో భార్య ఉత్తరతో కలసి సూరత్‌కు సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని వేడ్చీ అన్న ఆదివాసి గ్రామానికి పోయి నయీ తాలీమ్ బడిలో ఉపాధ్యాయుడైనాడు. బడి మానినవాడు తాత వృత్తికే వచ్చినాడు. తండ్రి చరిత్ర ముగించి, పురస్కారం పొంది, డెబ్బది దాటిన వయస్సులో ఆయన మరల కలం పట్టి గాంధీ చరిత్రను నాలుగు సంపుటాలుగా వ్రాసినారు. 2004 నుండి గాంధీకథ అన్న పేరుతో ఊరూరా తిరిగి పురాణం చెప్పినట్టు దానిని చెప్పినారు. శ్రోతలతో పాటు గాయకులు కూడ ఆ కథలో పాలుపంచుకొనేవారు. ఆ నాలుగు సంపుటాలలో వ్రాసినదంతా గాంధీని గురించే. 2015 మార్చి 15వ తేదీన, తొంబది యేళ్ళ వయస్సులో, తండ్రి బాల్యంలో చదువుకొన్న సూరత్ నగరంలోనే ఆయన కన్నుమూసినారు. దహనం వేడ్చీలో జరిగింది.